కండబలం ఎక్కడి నుంచి వస్తది? మన భీమవరం సుబ్బారావు తేల్చిన లెక్క

కొంచెం పెద్ద పోస్టు. నాలుగు రాత్రులు కూర్చొని రాసిన. ఓపిక చేసుకొని చదవండి.

నేను షాద్‌నగర్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ బీజడ్‌సీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మొన్న ఎండాకాలం సెలవుల్లో శంషాబాద్ దిక్కు ఒక గోదాంల లోడింగ్ పనికి పోయిన. పెట్టెలు మోసుడు, బండి నింపుడు. అప్పటికే నాది ఒక పేపర్ పోయింది, ఫిజియాలజీ. అందులో పెద్ద ప్రశ్న "కండర సంకోచ విధానాన్ని వివరించుము". బొమ్మ గీసిన, పేర్లు రాసిన, మధ్యల ఏం జరుగుతదో రాయలేకపోయిన.

గోదాంల నా పని చూసి అక్కడి సూపర్‌వైజర్ ఒక మాట అన్నడు. "మీ తండోళ్లకు పుట్టుకతోనే కండబలం వస్తది. చదువులు మీకు పడయి. పర్మనెంటుగా ఇక్కడనే ఉండిపోరాదు" అన్నడు. ఆయన తిట్టలేదు, మెచ్చుకున్నడు. అందుకే ఆ మాట లోపలికి పోయింది. నిజం చెప్తున్న, వారం రోజులు అదే నిజమేమో అనుకున్న. పేపర్ కూడా పోయింది గదా, మళ్లీ ఫీజు కట్టుడు ఎందుకు, నెలకు జీతం వస్తది అనుకున్న.

ఈ మాట నాకొక్కనికే కాదు, మీలో చానామందికి తగిలే ఉంటది. మన షాద్‌నగర్ 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండె. "పాలమూరు లేబర్" అనే పేరు దేశమంతా తెలుసు. ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు పోసినా మన దిక్కు మనుషులే ఉన్నరు. కరువుకు పోయిన వలస అది. కానీ చూసేటోళ్లు కరువును చూడరు, కండలను చూస్తరు. "వీళ్లు దానికే పుట్టిన్రు" అంటరు. పుట్టుకను బట్టి మనిషికి ముద్ర వేసుడు కొత్తది కాదు. ఇంగ్లీషోళ్లు 1871లో చట్టం చేసి కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులన్నరు. పలు ప్రాంతాల్లో మన లంబాడీలను కూడా ఆ జాబితాలో పెట్టిన్రు. సైన్యానికి మనుషులను తీసుకునేటప్పుడు కొన్ని కులాలను పుట్టుకతోనే యుద్ధవీరులన్నరు. ఒకనికి తిట్టు, ఇంకొకనికి పొగడ్త, లెక్క మాత్రం ఒకటే.

అందుకే అసలు కండల బలం ఎక్కడి నుంచి వస్తదో తెలుసుకోవాలనిపించింది. ఆ చరిత్ర వెతుకుతుంటే ఒక తెలుగాయన దగ్గర ఆగిన.

మా ల్యాబ్ పుస్తకంలో "ఫిస్కే–సుబ్బరో పద్ధతి" అని ఒకటి ఉంటది. ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. నేను ఇన్నాళ్లూ సుబ్బరో అంటే ఎవరో ఫారినాయన అనుకున్న. మా సార్ నవ్వి, "అది సుబ్బారావురా, యల్లాప్రగడ సుబ్బారావు, భీమవరం మనిషి" అన్నరు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు ఆయన. ఒక మాట ముందే చెప్తున్న, ఆయన మనలాంటి తండాలనో గూడెంలనో పుట్టలేదు. బ్రాహ్మణ కుటుంబం, తండ్రి రెవెన్యూ శాఖల చిన్న ఉద్యోగి. మన కష్టం, ఆయన కష్టం ఒకటే అని నేను అనను. కానీ ఇంట్ల పేదరికం ఉండె, ఏడుగురు పిల్లలు. సుబ్బారావుకు మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాస్ కాలేదు. రెండుసార్లు పోయింది! నా ఒక్క పేపర్ ఏపాటిది?

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీల చేరారు. స్వాతంత్ర్య ఉద్యమ కాలం. గాంధీ మాట విని ఖద్దరు బట్టలు కట్టుకొని పోయేసరికి తెల్ల ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చదువు పూర్తయినా ఎంబీబీఎస్ ఇవ్వకుండా దాని కన్న తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిల పెట్టారు. సర్కారు కొలువు రాలేదు. ఆయుర్వేద కాలేజీల పాఠాలు చెప్పుకుంట ఉన్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సాయం తోడై 1922లో ఓడ ఎక్కారు. అక్టోబర్ 26న అమెరికాల బోస్టన్‌కు చేరారు. హార్వర్డ్‌ల సీటు ఉంది గానీ తిండికి పైసల్లేవు. అక్కడి ఆస్పత్రిల రాత్రిపూట పోర్టర్ పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. పగలు చదువు, రాత్రి ఆ పని. మోసే పని, కడిగే పని చేసిన చేతులకు చదువు పడదు అనేటోళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలె.

ఇప్పుడు కండరం సంగతికి వస్త.

ఆ రోజుల్లో సైంటిస్టులను ఒక ప్రశ్న వేధిస్తుండె. కండరం ముడుచుకోవడానికి శక్తి ఎక్కడిది? 1907లో కేంబ్రిడ్జ్‌ల ఫ్లెచర్, హాప్కిన్స్ అనే ఇద్దరు కప్ప కండరాన్ని అలసిపోయేదాకా ఆడించి, అందులో ల్యాక్టిక్ ఆమ్లం పెరుగుతదని కొలిచి చూపించారు. తర్వాత ఇంగ్లండ్‌లో ఆర్చిబాల్డ్ హిల్ కండరంలో పుట్టే వేడిని కొలిచారు. జర్మనీలో ఓటో మయర్‌హాఫ్ ల్యాక్టిక్ ఆమ్లం లెక్క తీశారు. ఇద్దరికీ కలిపి 1922 నోబెల్ బహుమతి ఇచ్చారు. అందరూ ఒప్పుకున్న కథ ఏందంటే, కండరంలో దాచిన చక్కెర ల్యాక్టిక్ ఆమ్లంగా మారుతది, ఆ ఆమ్లమే కండరాన్ని ముడుస్తది అని.

ఇటు బోస్టన్‌లో సుబ్బారావు, సైరస్ ఫిస్కే అనే ఆయన దగ్గర పనిల చేరారు. మొదటి పని రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తయారు చేయడం. మందు కలిపితే ద్రవం నీలం రంగుకు తిరుగుతది. రంగు ఎంత చిక్కగుంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో ఈ పద్ధతి అచ్చయింది. వందేళ్లు అవుతున్నా ల్యాబ్ పుస్తకాల్లో ఇంకా ఉంది.

అదే పద్ధతితో కండరం రసాన్ని పరీక్షిస్తే ఒక వింత కనిపించింది. నీలం రంగు వెంటనే పూర్తిగా రాలేదు. నెమ్మదిగా, ఆగి ఆగి చిక్కబడింది. వేరే వాళ్లయితే మందు పాతదనుకొని పారబోసేవారేమో. వీళ్లు ఎందుకు ఆలస్యమైతుంది అని అడిగారు. కండరంలో ఫాస్ఫేట్ విడిగా లేదు, దేనికో అతుక్కొని ఉంది, పరీక్షల వేసిన ఆమ్లానికి అది మెల్లగా ఊడొస్తుంది. అతుక్కున్నది క్రియాటిన్ అనే పదార్థానికి. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. అదే ఏడాది లండన్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా వేరే దారిల ఇదే పదార్థాన్ని పట్టుకున్నారు. కండరం పనిచేస్తే ఇది తగ్గుతది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ నిండుతది.

1929లో ఇంకో పదార్థం బయటపడింది. మూడు ఫాస్ఫేట్లు వరుసగా తగిలించుకున్నది. మనం టెన్త్ నుంచి బట్టీ కొడుతున్న ఏటీపీ అదే! జర్మనీలో మయర్‌హాఫ్ ల్యాబ్‌ల లోమన్ కొంచెం ముందు, బోస్టన్‌లో ఫిస్కే, సుబ్బారావు ఆ వెనుకనే, ఎవరికి వారు కనుక్కున్నారు.

మరి పాత ల్యాక్టిక్ ఆమ్లం కథ ఏమైంది? 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్, కండరంలో ల్యాక్టిక్ ఆమ్లం అసలు పుట్టకుండా ఒక విషం ఎక్కించి చూశారు. ఆ కండరం అయినా ముడుచుకుంది! ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నంతసేపు పనిచేసి, అది అయిపోయినంక ఆగిపోయింది. నోబెల్ వచ్చిన కథ పక్కకు జరిగింది. నోబెల్ తీసుకున్న హిల్ కూడా దీన్ని కండర శాస్త్రంలో విప్లవం అని రాశారు. తన లెక్క తప్పని తేలితే ఒప్పుకున్నారు, అది కూడా మనం నేర్చుకోవాల్సిందే.

ఇంకా ఒక ముడి మిగిలింది. ఏటీపీ శక్తి ఇస్తది సరే, కండరం ఎట్ల కురచ అవుతది? 1939లో మాస్కోల ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు కండరంలోని మయోసిన్ అనే ప్రొటీనే ఏటీపీని విరుస్తదని చూపించారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుంటే హంగేరీల సెంట్ గ్యార్గీ బృందం ఆక్టిన్ అనే రెండో ప్రొటీన్‌ను పట్టుకుంది. ఆక్టిన్, మయోసిన్ కలిపి దారం లెక్క తీసి, ఏటీపీ చుక్కలు వేస్తే గాజు పాత్రలోనే ఆ దారం ముడుచుకుంది. ప్రాణం లేని దారం! ఆఖరికి 1954 మే నెలలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకు చుట్టరికం లేదు. ఇద్దరూ ఒకటే చెప్పారు: కండరంలో పోగులు కురచ కావు, ఒకదాని మీద ఒకటి జారుతాయి.

నాకు పరీక్షలో రానిది ఇదే. ఇప్పుడు మన భాషల చెప్తా, ఇట్ల అర్థం చేసుకుంటే మర్చిపోరు.

చేదబావి దగ్గర మీ యాడి నీళ్లు తోడుడు గుర్తు తెచ్చుకోండి. కుడిచేత్తో చేంతాడు పట్టి లాగుతది, ఎడమచేత్తో పట్టుకుంటది, కుడిచెయ్యి వదిలి మళ్లీ ముందుకు పట్టుకుంటది. తాడు కురచ కాలేదు, చేతులు కురచ కాలేదు. అయినా బొక్కెన పైకి వచ్చింది. కండరంలో తాడు ఆక్టిన్. చేతులు మయోసిన్ తలలు. ఒక్కో మయోసిన్ పోగుకు వందల తలలు ఉంటాయి. ఒక తల ఒక్కసారి లాగితే తాడు జరిగేది మిల్లీమీటరులో లక్షో వంతు. కానీ కోట్ల కోట్ల తలలు వంతులవారీగా లాగుతాయి గనక మన చెయ్యి యాభై కిలోల బస్తా లేపుతది.

ఈ లాగుడు జరిగే ఒక్కో గదిని సార్కోమియర్ అంటారు. ఒక మిల్లీమీటరు పొడవులో ఇవి 400కు పైగా వరుసగా ఉంటాయి. గదులు వరుసగా పేరిస్తే ఒక సన్న పోగు. అటువంటి పోగులు వందలు, వేలు కట్టగడితే ఒక కండర కణం. కణాలు కట్టలు కట్టలుగా చేరితే మనం చేత్తో పట్టి చూసుకునే కండ. ఒంట్ల ఇటువంటి కండరాలు 600కు పైనే ఉన్నాయి. పెద్ద మనిషి బరువుల ఐదింట రెండు వంతుల దాకా ఇవే.

లాగమని ఎవరు చెప్తారు? మెదడు నుంచి నరం ద్వారా కబురు వస్తది. కణంలో ఒక మూల దాచిపెట్టిన క్యాల్షియం బయటికి దూకుతది. మామూలుగా తాడు మీద పట్టుకునే చోట్లు మూతపెట్టి ఉంటాయి, క్యాల్షియం వచ్చి ఆ మూతను పక్కకు జరుపుతది. చేతులు పట్టుకుంటాయి. కబురు ఆగితే క్యాల్షియం వెనక్కి పోతది, మూత పడుతది, కండ సడలుతది.

ఇక ఏటీపీ ఎక్కడ పనికొస్తది? చానామంది తప్పు రాసేది ఇక్కడనే, నేను కూడా. చెయ్యి మళ్లీ ముందుకు సాగి పట్టుకోవాలంటే ముందు పట్టు వదలాలి. ఆ పట్టు వదిలించేది ఏటీపీ. కొత్త ఏటీపీ వచ్చి తగిలితేనే మయోసిన్ చెయ్యి వదులుతది, ఆ ఏటీపీని విరిచి మళ్లీ లాగడానికి సిద్ధమవుతది. చనిపోయిన మనిషి కొన్ని గంటలకు కట్టె లెక్క బిగుసుకుపోతడు గదా, మన పెద్దోళ్లు కాళ్లు చేతులు తొందరగా సరిచేయమంటరు. ఏటీపీ అయిపోయి చేతులు పట్టు వదలలేక అట్లనే ఉండిపోతాయి, అదీ కారణం.

ఏటీపీ నిల్వ మాత్రం చాలా తక్కువ. గట్టిగా పనిచేస్తే రెండు మూడు సెకన్లకు అయిపోతది. అది చేతిల చిల్లర అనుకోండి. అది అయిపోతుంటే వెంటనే నింపేది సుబ్బారావు చూసిన ఫాస్ఫోక్రియాటిన్. అది నడుముకు కట్టుకున్న సంచి, పది సెకన్ల దాకా నడిపిస్తది. వంద మీటర్ల పరుగుల ఆ రెండింటి పాత్ర పెద్దది. ఆ తర్వాత ఇంట్ల గుమ్మి తెరవాలె, అంటే తిన్న అన్నం, జొన్న రొట్టె నుంచి దాచిన చక్కెర, కొవ్వు. దానికి గాలి, అంటే ఆక్సిజన్ కావాలె. తెల్లారి లేస్తే ఒళ్లు నొప్పులు ల్యాక్టిక్ ఆమ్లం వల్ల అనుకుంటరు, కాదు. అది పని ఆపిన గంటా రెండు గంటలల్ల పోతది. అలవాటు లేని పనికి పోగులకు చిన్న చిన్న చిరుగులు పడి, అవి మానే క్రమంలో వచ్చే నొప్పి అది. మానుకుంట పోగులు లావెక్కుతాయి. అట్లనే కండ పెరుగుతది.

ఇప్పుడు సూపర్‌వైజర్ మాట దగ్గరికి వస్త. ఈ మొత్తం యంత్రంలో తండా ఎక్కడుంది? కులం ఎక్కడుంది? హిల్ కప్ప కండరం చూశారు, హక్స్‌లీ కుందేలు కండరం చూశారు, మూల సూత్రం ఒకటే. కప్పకు, కుందేలుకు, మనిషికి ఒకే ఏటీపీ. మనిషికి మనిషికి తేడాలు ఉంటాయి, ఒకనికి పరుగుకు పనికొచ్చే కణాలు ఎక్కువ, ఇంకొకనికి ఓర్పుకు పనికొచ్చేవి ఎక్కువ. ఒకే ఇంట్ల అన్నదమ్ములకు కూడా ఆ తేడా ఉంటది. కానీ బస్తా మోయడానికే ఒక జాతి పుట్టింది అనేది ఈ లెక్కలో ఎక్కడా లేదు. మా బాపు భుజం గట్టిగుందంటే అది పన్నెండేళ్ల వయసు నుంచి మోసిన బరువు. పుట్టుకతో వచ్చింది కాదు, బలవంతంగా వచ్చింది. సరైన తిండి, విశ్రాంతి లేకుండా మోయబట్టే నలభై ఐదేళ్లకే ఆ భుజం లేవట్లేదు.

మన మాలావత్ పూర్ణనే చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల, మన లంబాడీ బిడ్డ. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ తోడుగా. అక్కడ 8,848 మీటర్ల ఎత్తుల గాలి మన దగ్గర ఉన్న దాంట్లో మూడో వంతే. గుమ్మి నిండుగ ఉన్నా తెరిచే తాళంచెవి తక్కువ అన్నట్టు. అట్లాంటి చోట కండరం పనిచేయాలంటే పుట్టుక చాలదు. గురుకులంల చదువుకుంట భువనగిరి గుట్ట మీద నేర్చుకుంది, డార్జిలింగ్‌ల, లడఖ్ చలిల శిక్షణ తీసుకుంది. "ట్రైబల్ గదా, గుట్టలు ఎక్కుడు రక్తంలనే ఉంటది" అనేటోళ్లు ఆ శిక్షణను, ఆ పిల్ల పట్టుదలను గుంజుకుంటున్నట్టే.

సుబ్బారావు సంగతి పూర్తి చేస్త. 1930లో పీహెచ్‌డీ వచ్చినా హార్వర్డ్‌ల స్థిరమైన కొలువు ఇయ్యలేదు. 1940లో లెడర్లే కంపెనీకి పోయారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం తయారు చేసింది, మన అక్కలకు కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చే గోళీలల్ల ఉండేది అదే. క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ అక్కడిదే. బోదకాలుకు ఊళ్లల్ల ఆశా అక్కలు ఇంటింటికి తిరిగి మింగించే డీఈసీ గోళీ కూడా ఆ బృందానిదే. మీరు కూడా మింగే ఉంటరు! 1948 ఆగస్టులో 53 ఏళ్లకే పోయారు. మళ్లీ ఇండియాకు రానే లేదు, ఇక్కడ భార్య ఎదురు చూస్తనే ఉంది. నోబెల్ రాలేదు. 1995లో మన దేశం ఒక తపాలా బిళ్ల వేసింది.

సెలవులు అయిపోయిన రోజు గోదాంల లెక్క చూసుకొని వచ్చేసిన. ఆ సూపర్‌వైజర్‌తో ఇదంతా చెప్పలేదు, చెప్పే ధైర్యం రాలేదు. ఇంటికి పోయి బాపుకు మాత్రం చేంతాడు కథ చెప్పిన. సాంతం విన్నడు. భుజం రుద్దుకుంట, "ఇన్ని చేతులు లోపల పనిచేస్తున్నయా? మరి కూలి ఒక్కనికే ఇచ్చిన్రు గదరా" అన్నడు. ఇద్దరం నవ్వినం. తర్వాత జేబుల నుంచి పైసలు తీసి, "పరీక్ష ఫీజు ఎంత?" అని అడిగిండు.

కట్టిన. వచ్చే నెల పరీక్ష. ఈ గ్రూపుల బ్యాక్‌లాగ్ ఉన్నోళ్లు ఎవరైనా చదువు మానేద్దాం అనుకుంటే, ముందు ఫీజు ఆఖరు తేదీ చూసుకోండి. సుబ్బారావు మూడోసారి ఫీజు కట్టకపోతే ఈ పోస్టే లేదు. కండర సంకోచం అర్థం కాకపోతే ఆదివారం రాత్రి ఫోన్ చేయండి, చేంతాడు పట్టుకొని చెప్తా. నేను రాసిన దాంట్ల తప్పులుంటే సైన్స్ చదివిన అన్నలు, అక్కలు సరిచేయండి.

జై సేవాలాల్.